లూకా మోద్రిచ్ కెరీర్: మీరు అడిగారు, నేను చెబుతున్నాను

గత సంచికలో క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోద్రిచ్ గురించి నాలుగు మాటలు రాశాను. చిన్నప్పుడు ఒళ్ళు లేదని వెనక్కి పంపారనీ, అదే మనిషి నలభై నిండాక కూడా ఇటలీలో ఏసీ మిలన్ మిడ్‌ఫీల్డ్‌ను నడిపిస్తున్నాడనీ రాశాను. ఆ నాలుగు మాటలకే బోలెడు ఉత్తరాలొచ్చాయి. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి, శీర్షిక మొత్తం అతనికే ఇస్తున్నాను. నేనూ మిడ్‌ఫీల్డ్‌లో ఆడినదాన్నే. ఇప్పుడు సికింద్రాబాద్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఈ విషయం మీద మాట్లాడమంటే నాకు అంతకంటే ఏం కావాలి!

ఖమ్మం నుంచి ఒక తల్లి: మేడమ్, మా బాబుకి పదమూడేళ్ళు. ఆట బాగుంటుందని వాళ్ళ పీఈటీ సార్ అంటారు. కానీ సన్నగా, పొట్టిగా ఉంటాడు. రెండు సెలెక్షన్లకు తీసుకెళ్తే రెండుచోట్లా ‘ఒళ్ళు లేదమ్మా, వచ్చే ఏడు చూద్దాం’ అన్నారు. మావారు ప్రొటీన్ పౌడర్ తెస్తానంటున్నారు. మోద్రిచ్ విషయంలో అసలేం జరిగిందో కాస్త వివరంగా చెప్తారా?

ముందు ఆ పౌడర్ సంగతి వదిలేయండమ్మా. గుడ్డు, పప్పు, పాలు, వేరుశెనగలు, రాత్రి కంటినిండా నిద్ర ఉంటే ఆ వయసుకి చాలు. ఎదుగుదల గురించి నిజంగా అనుమానం ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇక మోద్రిచ్. అతను 1985 సెప్టెంబర్ 9న పుట్టాడు. పెరిగింది జాదర్ అనే సముద్ర తీర పట్నంలో. ఆ తీరంలో పిల్లలందరి కలా హైదుక్ స్ప్లిట్ క్లబ్‌కి ఆడటం. అక్కడికి ట్రయల్స్‌కి వెళ్తే, మరీ బక్కగా ఉన్నాడని తీసుకోలేదు. జాదర్ క్లబ్‌లో పిల్లల విభాగం చూసే తొమిస్లావ్ బాషిచ్ అనే పెద్దాయన మాత్రం ఈ కుర్రాణ్ణి వదల్లేదు. రాజధానిలోని డినామో జాగ్రెబ్‌కి చేర్చింది ఆయనే. అక్కడైనా నేరుగా మొదటి జట్టులో చోటు దొరికిందా అంటే, లేదు. 2003లో లోన్ మీద, అంటే కొంతకాలం వేరే క్లబ్‌కి ఆడమని, పక్క దేశం బోస్నియాకి, జ్రిన్‌స్కి మోస్తార్ క్లబ్‌కి పంపారు. అది మొరటు ఆట ఆడే లీగ్. బంతి పోయినా పర్వాలేదు, మనిషి మాత్రం దాటిపోకూడదన్నట్టు కాళ్ళ మీదికి వచ్చేవాళ్ళు. ఆ లీగ్‌లోనే పద్దెనిమిదేళ్ళకు ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాతి ఏడు ఇంటర్ జాప్రెషిచ్ అనే చిన్న క్లబ్‌కి మళ్ళీ లోన్. 2005లో డినామో పిలిచి పదేళ్ళ కాంట్రాక్ట్ చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో అతను చేసిన మొదటి పని, జాదర్‌లో అమ్మానాన్నలకు ఫ్లాట్ కొనడం.

పూర్తిగా పెరిగాక కూడా అతని ఎత్తు 172 సెంటీమీటర్లే. అంటే మన ఇళ్ళలో మామూలుగా కనిపించే ఎత్తు.

మీ ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి. వయసు గ్రూపులను జనవరి 1తో లెక్కగడితే, జనవరిలో పుట్టిన పిల్లాడు, డిసెంబర్‌లో పుట్టిన పిల్లాడు ఒకే జట్టులో పడతారు. పదమూడేళ్ళప్పుడు ఆ ఏడాది తేడా చాలా ఎక్కువ. ఒకడికి మీసం వస్తుంటుంది, ఇంకొకడికి గొంతు కూడా మారి ఉండదు. అకాడమీల్లో ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా కనిపిస్తారని చాలా దేశాల్లో లెక్కలు తీసి చూపించారు. మోద్రిచ్‌ది సెప్టెంబర్. నేను ఆడే రోజుల్లో జిల్లా సెలెక్షన్స్‌లో అమ్మాయిలను వరుసగా నిలబెట్టి, ఆట చూడకముందే ఎత్తు చూసి పక్కకు జరిపేవాళ్ళు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. మీ వాడి ఎముకకు తొందరేం లేదు, దాని సమయానికి అదే పెరుగుతుంది. ఈలోపు వాడు ఆట మానేయకుండా చూసుకోండి, అంతే.

వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు: అమ్మా, ఆయన బాల్యం యుద్ధంలో గడిచిందని విన్నాను. ఆ సంగతులు రాయగలరా?

రాస్తాను మాస్టారూ. వెలెబిత్ కొండల కింద జాతోన్ ఒబ్రోవాచ్‌కి అనే ఊరు. ఆ ఊళ్ళో వీళ్ళ ఇంటిపేరు మీదే మోద్రిచి అనే చిన్న వాడ ఉంది. తండ్రి స్తీపె, తల్లి రాదోయ్కా ఇద్దరూ పనికి వెళ్ళేవాళ్ళు కాబట్టి పిల్లాడు ఎక్కువగా తాతయ్య దగ్గరే పెరిగాడు. తాతయ్య పేరు కూడా లూకాయే. మన దగ్గరిలాగే మనవడికి తాత పేరు పెట్టుకున్నారు. ఆయన రోడ్ల శాఖలో పనిచేసేవారు. ఆ రోజుల్లో ఆ కొండల్లో తీసిన ఒక డాక్యుమెంటరీలో, ఐదేళ్ళ పిల్లాడు జాకెట్ వేసుకుని కర్రతో మేకలను తోలుతూ కనిపిస్తాడు. అది మోద్రిచే.

యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు, 1991 డిసెంబర్‌లో, పశువులను మేపడానికి వెళ్ళిన తాతయ్యను సెర్బ్ తిరుగుబాటుదారులు కాల్చి చంపారు. ఇల్లు తగలబెట్టారు. కుటుంబం కట్టుబట్టలతో జాదర్‌కి పారిపోయింది. తండ్రి సైన్యంలో చేరాడు. మిగతావాళ్ళు కొలోవరె అనే హోటల్లో శరణార్థులుగా తలదాచుకున్నారు, తర్వాత మరో హోటల్లో. అలా ఏళ్ళు గడిచాయి. పట్నం మీద షెల్స్ పడుతుంటే పిల్లలు షెల్టర్‌లోకి పరిగెత్తేవాళ్ళు, ఆగాక మళ్ళీ హోటల్ పార్కింగ్ స్థలంలోకి వచ్చి బంతి ఆడేవాళ్ళు. జాదర్ క్లబ్ వాళ్ళకు ఈ పిల్లాడి సంగతి తెలిసింది ఆ ఆట వల్లే.

పేదరికం వల్లే, యుద్ధం వల్లే అంతటివాడయ్యాడని కొందరు రాస్తుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను మాస్టారూ. అదే పార్కింగ్‌లో ఆడిన మిగతా పిల్లలూ అదే కష్టం పడ్డారు. అతనికి ఆట ఉంది, దాన్ని గుర్తుపట్టిన ఒక బాషిచ్ దొరికాడు.

విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మేడమ్, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కి 597 మ్యాచ్‌లాడి 43 గోల్సే కొట్టాడు. మెస్సీ, రొనాల్డో ఉండగా 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు ఇతనికి ఎలా ఇచ్చారు? మిడ్‌ఫీల్డర్ అసలేం చేస్తాడో నాకు సరిగ్గా అర్థం కాదు.

మంచి ప్రశ్న తమ్ముడూ, దీనికి కొంచెం పెద్ద జవాబే చెప్తాను.

మామూలుగా మనం బంతిని చూస్తాం. గోల్ దగ్గర బంతి ఉంటేనే గుండె కొట్టుకుంటుంది. మిడ్‌ఫీల్డర్ పని అంతకు మూడు నాలుగు పాస్‌ల ముందే అయిపోతుంది. డిఫెండర్ దగ్గర బంతి చిక్కుకుపోయినప్పుడు ‘నాకివ్వు’ అని వెళ్ళి నిలబడాలి, అదీ వెనక ఒకడు మీద పడటానికి సిద్ధంగా ఉన్నప్పుడు. బంతి అందిన క్షణంలో తిరగాలా, వెనక్కి ఇవ్వాలా, అటు చివరకు కొట్టాలా అన్నది ముందే తేల్చుకుని ఉండాలి. అందాక ఆలోచిద్దామంటే అప్పటికే బంతి పోయి ఉంటుంది. ఆటను ఎప్పుడు వేగంగా నడపాలో, ఎప్పుడు నెమ్మదించాలో చూసుకునేదీ అతనే. ఇవేవీ స్కోర్ బోర్డు మీద కనపడవు.

2022 ఏప్రిల్ 12న రియల్ మాడ్రిడ్, ఇంగ్లండ్ క్లబ్ చెల్సీల మధ్య జరిగిన, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్ దొరికితే చూడు. మొదటి మ్యాచ్‌లో మాడ్రిడ్ 3–1తో గెలిచింది. రెండోది సొంత మైదానంలో. అక్కడ చెల్సీ మూడు గోల్స్ కొట్టేసింది, రెండు మ్యాచ్‌ల గోల్సూ కలిపితే 4–3తో ముందుకెళ్ళిపోయింది. 80వ నిమిషంలో మోద్రిచ్ దగ్గరకి బంతి వచ్చింది. అతను ఎడమవైపు ఉన్నాడు. అక్కడి నుంచి ఎవరైనా ఎడమ కాలు వాడతారు, లేదంటే బంతిని సరిచేసుకుని కుడి కాలి లోపలి భాగంతో కొడతారు. అతను కుడి పాదం బయటి అంచుతో కోసినట్టు తన్నాడు. బంతి డిఫెండర్ల తలల మీదుగా వంపు తిరుగుతూ వెళ్ళి, అప్పుడే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన రొద్రిగో కాలి మీదే వాలింది. అతను దాన్ని గాల్లోనే గోల్‌లోకి తన్నాడు. తర్వాత ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా గోల్‌తో మాడ్రిడ్ గట్టెక్కింది. ఆ ఏడాది కప్పు కూడా వాళ్ళదే. రీప్లే పెట్టుకున్నప్పుడు పాస్ ఒక్కటే చూడకు. పది సెకన్లు వెనక్కి వెళ్ళి, బంతి రాకముందు అతని తల ఎటు తిరుగుతోందో గమనించు. అందరూ పాదాన్ని పొగుడుతారు, నాకు మాత్రం ఆ మెడ ఇష్టం.

ఇక 2018. అంతకుముందు పదేళ్ళుగా బాలన్ డోర్ మెస్సీకో, రొనాల్డోకో తప్ప వేరేవాళ్ళకు వెళ్ళలేదు. ఆ ఏడాది మోద్రిచ్ మాడ్రిడ్‌తో వరుసగా మూడో చాంపియన్స్ లీగ్ గెలిచాడు. తర్వాత రష్యాలో ప్రపంచకప్. క్రొయేషియా మొత్తం జనాభా నలభై లక్షలు ఉండదు, మన హైదరాబాద్ నగరంలోనే అంతకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. ఆ దేశం ఫైనల్‌కి వెళ్ళింది. నాకౌట్‌లో డెన్మార్క్, రష్యా, ఇంగ్లండ్‌లతో మూడు మ్యాచ్‌లూ ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్ళాయి, అది ముప్పై నిమిషాలు. మూడు ముప్పైలు తొంభై, అంటే ఫైనల్‌కి ముందే ఒక పూర్తి మ్యాచ్ అదనంగా ఆడినట్టు. అప్పటికి అతనికి ముప్పై రెండు.

డెన్మార్క్ మ్యాచ్‌లో, ఇంకో నాలుగైదు నిమిషాల్లో ఎక్స్‌ట్రా టైమ్ అయిపోతుందనగా మోద్రిచ్ పెనాల్టీ కొట్టాడు. గోల్‌కీపర్ ష్మైకేల్ ఆపేశాడు. కాసేపటికే పెనాల్టీ షూటౌట్. అదే గోల్‌కీపర్ ముందు, ఇందాక పోగొట్టినవాడే మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఆ టెన్షన్‌లో నేనైతే కొట్టనని చేతులెత్తేసేదాన్ని. అతను కొట్టాడు, గోలయింది, క్రొయేషియా ముందుకెళ్ళింది. ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 4–2తో ఓడిపోయారు. టోర్నీ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ ఓడిన జట్టు కెప్టెన్‌కే వచ్చింది. ఆ టోర్నీలో అతను కొట్టిన గోల్స్ రెండే.

హైదరాబాద్ నుంచి ఒక ఐటీ ఉద్యోగి: రియల్ మాడ్రిడ్‌లో మొదట్లో ఫెయిలయ్యాడంటారు, నిజమేనా?

నిజమే. ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హమ్‌లో నాలుగేళ్ళు ఆడి 2012 ఆగస్టులో మాడ్రిడ్‌కి వచ్చాడు. ఆ డిసెంబర్‌లో మార్కా అనే స్పెయిన్ క్రీడా పత్రిక పోల్ పెడితే, ఆ సీజన్ చెత్త కొనుగోలు ఇతనేనని పాఠకులు ఓటేశారు. టాటెన్‌హమ్‌లోనూ మొదలు ఇలాగే జరిగింది. అక్కడ ఎనిమిది మ్యాచ్‌లకు రెండే పాయింట్లతో జట్టు అట్టడుగున ఉన్నప్పుడు కోచ్ మారాడు. కొత్తగా వచ్చిన హ్యారీ రెడ్‌నాప్ ఇతన్ని తన చోట ఆడనిచ్చాక కుదురుకున్నాడు. మాడ్రిడ్‌లో 2013 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి దూరం నుంచి కొట్టిన గోల్‌తో గాలి మళ్ళింది. 2014 మే 24న లిస్బన్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. అదే మాడ్రిడ్ నగరానికి చెందిన అట్లెటికో 1–0తో గెలిచేసినట్టే, ఇంజురీ టైమ్ నడుస్తోంది. అప్పుడు మోద్రిచ్ కార్నర్ వేశాడు, సెర్హియో రామోస్ తలతో కొట్టాడు. అక్కడి నుంచి మ్యాచ్ 4–1 అయింది. మాడ్రిడ్ పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న పదో కప్పు అది. 2025లో క్లబ్ వదిలేటప్పటికి అతని ఖాతాలో 28 ట్రోఫీలున్నాయి, వాటిలో ఆరు చాంపియన్స్ లీగ్‌లు. ఆ క్లబ్ చరిత్రలో అన్ని ట్రోఫీలు గెలిచినవాడు ఇంకొకడు లేడు.

కర్నూలు నుంచి ఒక పాఠకుడు: అంత పొగుడుతున్నారు సరే, కోర్టు కేసు సంగతి ఎందుకు రాయలేదు?

గత సంచికలో చోటు లేక రాయలేదండి. డినామో క్లబ్‌లో చక్రం తిప్పిన జ్‌ద్రావ్కో మామిచ్ మీద ఆటగాళ్ళ బదిలీ డబ్బుల విషయంలో కేసు నడిచింది. 2017లో మోద్రిచ్ సాక్షిగా వచ్చి, బదిలీ డబ్బు పంచుకోవడం గురించిన తన కాంట్రాక్ట్ అనుబంధం ఎప్పుడు సంతకమైందన్న దానిపై అంతకుముందు చెప్పినదానికి భిన్నంగా చెప్పాడు. మామిచ్‌ని కాపాడుతున్నాడని దేశం భగ్గుమంది. అతను శరణార్థిగా ఉన్న హోటల్ గోడ మీదే ‘లూకా, ఈ రోజు నీకు గుర్తొస్తుంది’ అని రాశారు. 2018 మార్చిలో తప్పుడు సాక్ష్యం అభియోగం మోపారు, అదే ఏడాది చివర్లో ఆ అభియోగం వీగిపోయింది. మామిచ్‌కి శిక్ష పడింది, ఆయన బోస్నియాకి వెళ్ళిపోయాడు. రష్యా ప్రపంచకప్ ఆడింది ఈ అభియోగం నెత్తి మీద ఉండగానే. అభిమానుల కోపంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. వాళ్ళ క్లబ్ డబ్బు పోయింది మరి. ఆట మీద నా అభిమానం వేరే సంగతి.

నిజామాబాద్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు: నలభై ఏళ్ళకు ఆ స్థాయిలో ఆడటం ఎలా కుదురుతుంది? పక్కన ఆడిన టోనీ క్రూస్ 2024లోనే రిటైరయ్యాడు కదా?

క్రూస్ ఇంకా ఆడగలిగి ఉండి, తనంతట తాను ఆపేశాడు. అది అతని ఇష్టం. వేగమే పెట్టుబడిగా ఉన్న వింగర్‌కి ముప్పై దాటాక కష్టం. మోద్రిచ్ బతుకుతెరువు ఎప్పుడూ వేగం మీద లేదు. ఎక్కడ ఖాళీ వస్తుందో ముందే తెలిసినవాడికి, అక్కడికి పరిగెత్తాల్సిన పని తగ్గుతుంది. దానికి తోడు బరువు తక్కువ, పెద్ద గాయాలు తక్కువ. 2009లో కాలి ఎముక విరగడం, 2014 నవంబర్‌లో తొడ గాయంతో కొన్ని నెలలు ఆటకు దూరమవడం లాంటివే చెప్పుకోదగ్గవి. వయసును బట్టి పనిని కూడా మార్చుకున్నాడు. మాడ్రిడ్‌లో చివరి రెండేళ్ళు చాలాసార్లు బెంచ్ మీద కూర్చుని, చివరి అరగంటకు వచ్చి ఆడాడు. అంత పేరున్న మనిషికి అది మింగుడుపడటం తేలిక కాదు.

యూరప్ దేశాల టోర్నీ యూరో 2024లో ఇటలీ మీద అతను పెనాల్టీ పోగొట్టి, నిమిషం తిరక్కముందే గోల్ కొట్టాడు. యూరో చరిత్రలో గోల్ కొట్టిన అతి పెద్ద వయస్కుడు అతనే. ఆఖరి క్షణాల్లో ఇటలీ సమం చేయడంతో ఆ గోల్‌తో చేతికందిన గెలుపు కూడా జారిపోయింది.

సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు: మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో ఇలాంటి పాసింగ్ ఆట ఎప్పుడైనా ఉండేదా అక్కా?

ఉండేదన్నా. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. బంతిని ఎక్కువసేపు కాళ్ళలో పెట్టుకోకూడదన్న నిబంధనతో ఆయన ఇక్కడ ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలుతోనే ఆడాలన్న పోటీలు కూడా. ఇవాళ్టికీ నా దగ్గర శనివారం ఆట అలాగే జరుగుతుంది. కుడికాలి పిల్లలు మొదటి వారం ఏడుస్తారు, రెండో నెలకు రెండు కాళ్ళూ వాడతారు.

డల్లాస్ నుంచి ఒక తండ్రి: నమస్తే మేడమ్. మా పాపకి పదకొండేళ్ళు, ఇక్కడి క్లబ్ జట్టులో ఆడుతుంది. ఈ ఏడు ఫార్వర్డ్ నుంచి మిడ్‌ఫీల్డ్‌కి మార్చారు. గోల్స్ కొట్టే చోటు నుంచి తీసేశారని ఒకటే ఏడుపు. ఏం చెప్పమంటారు?

పాపకి నా తరఫున చెప్పండి, జట్టులో ఎక్కువసార్లు బంతి తాకే చోట పెట్టారని. కోచ్‌కి తన మీద నమ్మకం లేకపోతే అక్కడ పెట్టరు.

తర్వాత ఒక పని చేయించండి. తనను పెరట్లో ఒకచోట నిలబెట్టి, ఎదురుగా ఉండి మీరు పాస్ ఇవ్వండి. పాప వెనక వాళ్ళ అమ్మ నిలబడి, ఎరుపు, పసుపు గుడ్డల్లో ఏదో ఒకటి పైకెత్తి పట్టుకోవాలి. బంతి కాలికి తగిలేలోపే పాప భుజం మీదుగా వెనక్కి చూసి రంగు చెప్పాలి. ఎరుపైతే బంతిని మీకే తిరిగి ఇవ్వాలి, పసుపైతే బంతితో వెనక్కి తిరగాలి. మొదట్లో బంతి చేజారిపోతుంది, విసుగొస్తుంది. పది నిమిషాలు చేయించి ఆపేయండి, మర్నాడు మళ్ళీ చేయించండి. గీర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు ఇంగ్లిష్ లీగ్ ఆటగాళ్ళ వీడియోలు పెట్టుకుని ఈ తల తిప్పడాన్నే లెక్కపెట్టాడు. బంతి అందేముందు పది సెకన్లలో ఫ్రాంక్ లాంపార్డ్ సుమారు ఆరుసార్లు చుట్టూ చూసేవాడట. ఎవరు ఎక్కువ చూస్తారో వాళ్ళ పాస్‌లే ఎక్కువ సరిగ్గా చేరాయని తేలింది.

మ్యాచ్ చూసేటప్పుడు కూడా ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి, ఒక్క మిడ్‌ఫీల్డర్‌నే చూడమనండి. తల ఎన్నిసార్లు తిప్పాడో వేళ్ళ మీద లెక్కపెట్టమనండి. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి, వీలైతే స్టేడియానికి తీసుకెళ్ళండి. సెలవులకు హైదరాబాద్ వస్తే మాత్రం పాపను బూట్లతో సహా పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి తీసుకురండి. ఎండ ఎక్కేలోపు ఒక గంట ఆడిస్తాను.